మూడు పొరల టేపు

వీడియోలు తీసి బతికే ఆ అన్నయ్యని ఇంట్లో అందరూ ‘మసక’ అనే పిలుస్తారు. చెల్లెలు డిగ్రీ పట్టా అందుకున్న రోజు, మంచి కోణం కోసం వేదిక చుట్టూ పరుగులు తీస్తూ, తన బొజ్జతోనే కెమెరా మీద వెలుతురు పెంచి తగ్గించే చక్రాన్ని తిప్పేశాడు మహానుభావుడు. వీడియోలో పట్టా కనిపించింది, పట్టుకున్న మనిషి కనిపించలేదు. చెల్లెలు ఆర్నెల్లు మాట్లాడలేదు. తల్లి మాత్రం వచ్చినవాళ్ళందరికీ అది వేసి చూపించి, “ఇదిగో, ఈ నల్లటిదే మా అమ్మాయి” అని పరిచయం చేసేది.

ఇవాళ చెల్లెలి ఆఖరి పరుగు పందెం. వచ్చే వారం మోకాలికి ఆపరేషన్. ఆ తర్వాత పందేల మాట మర్చిపొమ్మని డాక్టరు తేల్చి చెప్పేశాడు. ఈసారి కూడా చెడగొడితే ఆమెకి మొహం చూపించలేనని మసకకి తెలుసు. అందుకే మబ్బు పట్టిన ఆ ఉదయం వెలుతురు సరిచూసుకుని, కెమెరా మీద తిరిగేదీ నొక్కేదీ ఏదీ వదలకుండా మూడు పొరల టేపు వేసేశాడు. ఒక్క రికార్డు బటన్‌కి మాత్రం ప్రాణభిక్ష పెట్టాడు.

“అది కెమెరానా, కట్టు కట్టిన కాలా?” అంది చెల్లెలు, బూట్ల తాళ్ళు బిగించుకుంటూ.

“నా బొజ్జ కాదు కదా, ఏనుగొచ్చి తొక్కినా ఏదీ కదలదు. నువ్వు పరిగెత్తవే, చాలు.”

పందెం మొదలైంది. మైదానం లోపలి అంచున మసక కూడా రొప్పుతూ పరిగెత్తాడు. ఆఖరి రౌండు దాకా బొమ్మ అద్దంలా వచ్చింది. ఆరో స్థానంలో ఉన్న చెల్లెలు ఒక్కొక్కరినీ దాటుకుంటూ దూసుకొస్తోంది. సరిగ్గా అప్పుడే మబ్బు తొలగి, పనీపాటా లేని సూర్యుడు ఫెళ్ళున కాశాడు. కెమెరా తెరంతా సున్నం కొట్టిన గోడలా తెల్లబడి, చెల్లెలు అందులో కలిసిపోయింది.

వెలుతురు తగ్గిద్దామంటే టేపు రాదే! గోటితో గీకాడు. చెమటకి వేళ్ళు జారిపోయాయి. పళ్ళతో పీకాడు. టేపు కనిపెట్టినవాణ్ణీ, వాడి ఏడు తరాలనీ తిట్టాడు. మూడో పొర ఊడేసరికి మైదానమంతా కేకలు. తలెత్తి చూస్తే, చెల్లెలు గీత అవతల నేల మీద వెల్లకిలా పడి ఉంది. మొదటి స్థానం ఆమెదే.

కాసేపటికి పతకంతో వచ్చి, చిన్న తెర మీద ఆ తెల్లదనాన్నంతా ఓపిగ్గా చూసింది.

“పోనీలే అన్నయ్యా, నువ్వు కళ్ళారా చూశావుగా. గీత దాటేటప్పుడు నా మొహం ఎలా ఉంది? ఏడ్చానా, నవ్వానా? నాకే తెలియలేదు.”

ఎంత ఘోరమైన వీడియో ఇచ్చినా ‘అద్భుతం’ అని నమ్మించగల నాలుక మసకది. ఇప్పుడు ఒక్క అబద్ధమూ రాలేదు.

“చూడలేదే. అప్పుడు టేపు పీకుతున్నాను.”

చెల్లెలు అతన్ని ఎగాదిగా చూసింది. మూతికి ఇంకా జిగురు అంటుకునే ఉంది.

“కూర్చో. చెప్తాను.”

ఆఖరి మలుపు నుంచి మొదలుపెట్టింది. ఎవరిని ఎక్కడ దాటిందో, మోకాలు ఎక్కడ కలుక్కుమందో చెప్పింది. గీత దగ్గరికి వచ్చేసరికి మూతి వంకరపోయింది, కళ్ళ నిండా నీళ్ళు, ముక్కు కారుతోంది, ఆపైన నవ్వు కూడా. మసక రెప్ప వేయకుండా చూశాడు.

“ఇలాగే ఉండి ఉంటావు,” అన్నాడు. “దరిద్రంగా.”