నీళ్ళు పచ్చబడిన తొట్టి

పూజలో కూర్చుని మనసులో ఒకరిని తిట్టుకుంటే, దేవుడికి ముందు చేరేది పూజా, తిట్టా? ఈ అనుమానం తొట్లాయనకి ఏడేళ్ళ నుంచీ ఉంది. ఎవరినీ అడగలేదు. అడిగితే, ఇంతకీ ఎవరిని తిడుతున్నావని ఎదురడుగుతారు. ఆయన తిట్టేది సొంత అక్క మొగుణ్ణి.

తొట్లాయనది చేపల తొట్లు అమ్మే కొట్టు. రోజూ పొద్దున ఏడింటికి పూజలో కూర్చుంటే తొమ్మిదిన్నరకి గానీ లేవడు. ఈలోగా ఇంటి కప్పు కూలినా గడప దాటడని పేరు. బావ ఎలక్ట్రీషియన్. ఇద్దరికీ ఉప్పూ నిప్పూ. మొదట ఎందుకు చెడిందంటే తొట్లాయన సరిగ్గా చెప్పలేడు. "ఆయన నోరే అంత" అని ఊరుకుంటాడు.

అలాంటిది, కంటి డాక్టరమ్మ తన ఆసుపత్రి హాల్లో నీటిమొక్కలూ చేపలూ ఉండే గాజు తొట్టి పెట్టమని తొట్లాయనకి చెప్పి, దానికి దీపం బిగించే పని తన పాత ఎలక్ట్రీషియన్‌కి, అంటే బావకి, అప్పగించింది.

తొట్టి రెండడుగులది. తొట్లాయన ఒక మధ్యాహ్నం వెళ్ళి కిటికీ ఎదురుగా చల్లగా ఉన్న చోటు ఎంచుకున్నాడు. ఇసుక ముందు పల్చగా, వెనక ఎత్తుగా పోశాడు. నల్లరాళ్ళు మూడు, వంకర దుంగ ఒకటి. ముందు పొట్టి గడ్డి, వెనక పొడుగు కాడల మొక్కలు. పదిహేను ఎర్ర చేపలు, ఒక్కోటి గోరంత. ఇన్నాళ్ళూ ఖాళీ తొట్లూ, చేపల మేత పొట్లాలూ అమ్ముకుంటూ బతికినవాడు, తన చేత్తో తీర్చిన తొట్టిని పదిమందీ చూసేది ఇదే మొదలు. కొలువైన దేవుణ్ణి చూసినట్టు చూసుకున్నాడు.

మూడు వారాలకి నీళ్ళు పచ్చబడ్డాయి. ముందు లేత పచ్చ, తర్వాత చిక్కటి పచ్చ, చివరికి చేప కనబడదు, రాయి కనబడదు. వెలుతురు ఎక్కువైతే నీళ్ళకి నాచు పడుతుంది. తొట్లాయన దీపం వెలిగే సేపు రోజుకి ఎనిమిది గంటల నుంచి ఆరుకి, ఆరు నుంచి నాలుక్కి తగ్గించాడు. సగం నీళ్ళు మార్చాడు. గాజు రుద్దాడు. రెండు రోజులకి మళ్ళీ అదే పచ్చ.

"కళ్ళు బాగవుతాయని నా దగ్గరికొచ్చేవాళ్ళు ఇది చూసి, వచ్చిన దారినే పోతున్నారయ్యా," అంది డాక్టరమ్మ. "సోమవారానికి తేటపడకపోతే తీయించి బయట పెట్టిస్తాను."

తొట్లాయన అక్కకి ఫోన్ చేశాడు. "మీ ఆయన కావాలనే పెద్ద దీపం బిగించాడక్కా. నా పరువు తీయడానికే!"

"నాకెందుకురా చెప్తావు? ఆయన్నే మొహమ్మీద అడుగు. రేపు పొద్దున ఏడింటికి అక్కడే ఫ్యాన్ బాగుచేస్తూ ఉంటారు," అంది అక్క విసుగ్గా.

మర్నాడు పూజలో కూర్చున్నాడు. దేవుడి పేరు ఒకటి తలిస్తే బావ పేరు రెండుసార్లు వస్తోంది. చేతిలోని పువ్వు పెట్టాల్సిన చోట పెట్టకుండా, "వాడు నాశనమైపోను" అని పైకే అనేశాడు. ఉలిక్కిపడ్డాడు. ఇలాంటి పూజ చేయడం కన్నా లేచిపోవడమే మర్యాద కాదా అనిపించింది. దేవుడికి దణ్ణం పెట్టి, చెప్పులేసుకున్నాడు.

హాల్లో బావ నిచ్చెనెక్కి ఉన్నాడు. తుడిచే ఆవిడ తెరలు పక్కకి లాగుతోంది.

"నా తొట్టి నాశనం చేసి నీకేం ఒరిగింది బావా?"

"అబ్బో, స్వాములవారు వేంచేశారే! ఇవాళ దేవుడు సెలవిచ్చాడా?" అన్నాడు బావ, కిందికి చూడకుండానే.

"ఎకసెక్కాలు చాలు. అంత పెద్ద దీపం ఎందుకు బిగించావు?"

"దీపం సంగతి తర్వాత. ముందు నీ తొట్టి చూసుకోరా."

తొట్లాయన తిరిగి చూశాడు. దీపం వెలగడం లేదు. కానీ కిటికీలోంచి ఎండ పలకలా పడి, తొట్టి మొత్తం పచ్చగా మండుతోంది.

"రోజూ ఇంతేగా బాబూ," అంది తుడిచే ఆవిడ. "తొమ్మిదిదాకా ఎండంతా దానిమీదే."

తొట్లాయన ఏనాడూ పదింటికి ముందు ఇక్కడ కాలు పెట్టలేదు. తను కళ్ళు మూసుకుని కూర్చున్న ఆ రెండు గంటలూ దేవుడి వెలుతురు ఎటు పడుతోందో ఒక్కనాడైనా చూశాడా?

"నీకు ముందే తెలుసా?"

"వారమైంది."

"మరి చెప్పలేదేం!"

"అడిగావా?" బావ నిచ్చెన దిగాడు. "ఏడేళ్ళ కిందట నీ కొట్టు తెరిచేటప్పుడు రోజంతా గోడలెక్కి దీపాలు బిగించాను. బదులుకి నా పనిలో ఒక రోజు చేస్తానన్నావు. వచ్చావా? రెండుసార్లు కబురు పెడితే రెండుసార్లూ పూజలో ఉన్నానన్నావు. నీ పూజకి విలువుంది, నా రోజుకి లేదా?"

తొట్లాయనకి నిజంగానే గుర్తులేదు. అదే ఎక్కువ సిగ్గనిపించింది.

పదింటికి డాక్టరమ్మ వచ్చింది. "తప్పు నాదేనమ్మా. చోటు చూసుకోలేదు. దీపంలో దోషం లేదు," అని తొట్లాయన ఒప్పుకున్నాడు. బావ మొహం మాడ్చుకునే దీపాన్ని అవతలి గోడకి మార్చాడు. ఇద్దరూ తొట్టిలో నీళ్ళు సగం తోడి, ఒకరినొకరు తిట్టుకుంటూనే దాన్ని అటు జరిపారు. తాజా నీళ్ళు పోసి, పైన మందపాటి దుప్పటి కప్పి, నాలుగు రోజులు చీకట్లో ఉంచారు.

సోమవారం దుప్పటి తీస్తే నీళ్ళు తేటగా ఉన్నాయి. గడ్డి కొంచెం పాలిపోయింది. ఎర్ర చేపలు లెక్కకి పద్నాలుగే. డాక్టరమ్మ వంగి చూసి, "ఉండనీయండి," అంది.

మంగళవారం తొట్లాయన తెల్లవారకముందే చిన్న పూజ చేసుకున్నాడు. ఆ కాసేపట్లో మనసులో ఎవరి పేరూ అడ్డం రాలేదు. ఏడింటికల్లా, బావ పనిచేస్తున్న కొత్తింటికి వెళ్ళి నిలబడ్డాడు.

"తొట్లో చెయ్యి పెట్టినంత సుఖం కాదిది," అని బావ సుత్తీ ఉలీ విసిరినట్టే ఇచ్చాడు. రోజంతా గోడలో గాడి కొట్టించాడు, తీగ లాగించాడు. వంకర పోయిందన్నాడు, ముసలి చేతులన్నాడు. తొట్లాయన పళ్ళ బిగువున ఓర్చుకున్నాడు. జుట్టంతా సిమెంటు దుమ్ము, అరచేతుల్లో రెండు బొబ్బలు.

సాయంత్రం బావ సామాను సర్దుతుంటే, "వెనక గదిలో ఇంకో తీగ మిగిలిపోయింది," అన్నాడు తొట్లాయన.

"అది నేను లాక్కుంటాలే," అన్నాడు బావ సంచీ భుజానికెత్తుకుంటూ. "నీ బాకీ ఒక్క రోజే. తీరిపోయింది, ఇంటికి పో."