బాపురావు గ్లైడర్ ఇంకా దిగలేదు

పొద్దున లేవగానే సులోచన కిటికీ తెర పక్కకి లాగి, అద్దం తెరిచి, మెడ బయటపెట్టి పైకి చూస్తుంది. గ్లైడర్, ఆ బొమ్మ విమానం, అక్కడే ఉంటుంది. పొగగొట్టానికి పైన, కాస్త ఎడమగా, చప్పుడు లేకుండా చుట్లు కొడుతూ. అది కనపడ్డాకే ఆవిడకి కాఫీ. లీసెస్టర్‌లో సగం రోజులు ఆకాశం అనేదే ఉండదు కాబట్టి, మబ్బు దిగిన రోజున రెక్క అంచైనా కంటపడేదాకా డికాక్షన్ చల్లారిపోతూ ఉంటుంది.

కాఫీ అయ్యాక ఛార్జర్ నుంచి రిమోట్ ఊడదీసి హ్యాండ్‌బ్యాగులో నిలువుగా పెట్టుకుంటుంది. దాని ఏరియల్ గజం పొడుగు. చివర నారింజ రంగు రిబ్బను, రిబ్బను మీద 74 అని అంకె. ఆవిడ ఎక్కగానే మెల్టన్ రోడ్డు బస్సులో జనం ఏరియల్ కంట్లో గుచ్చుకోకుండా తలలు పక్కకి వంచుకుంటారు, గొడుగు మడుస్తున్న మనిషికి దారిచ్చినంత మామూలుగా. డ్రైవర్ హర్షద్‌భాయ్ అద్దంలోంచి బయటికి తొంగిచూసి, "అంకుల్ ఇవాళ బాగా కిందికి ఎగురుతున్నారు ఆంటీ, వానొస్తుంది" అంటాడు. ముందు బస్సు, వెనక గ్లైడర్. బస్సు సిగ్నళ్ల దగ్గర ఆగినప్పుడల్లా అది అందుకుంటుంది.

ఆవిడ ఒక జీపీ సర్జరీలో, అంటే పేటలో ఉండే డాక్టర్ల క్లినిక్కులో, రిసెప్షనిస్టు. కంప్యూటర్ పక్కన రిమోట్ పచ్చలైటు వెలిగించుకుని కూర్చుంటుంది. మందుల చీటీ కోసం వచ్చిన ముసలివాళ్లు "మీ ఆయన బాగున్నారా?" అని అడుగుతారు. "పైనే ఉన్నారు" అంటుంది సులోచన. వాళ్లు తలుపు దాకా వెళ్లి ఒకసారి పైకి చూసి, చేయి ఊపి, మోకాళ్ల నొప్పులతో ఇంటికి పోతారు.

బాపురావు పోయి అప్పటికి రెండేళ్లు.

ఆయన బనియన్ల ఫ్యాక్టరీలో మెషీన్లు బాగుచేసే ఇంజనీరు. తెనాలి మనిషి, మాట తక్కువ. ఇంటికొచ్చి వెనకగదిలో తలుపేసుకుని గ్లైడర్లు చేసేవాడు. బాల్సా అని అట్టకంటే తేలికైన చెక్క ఒకటుంటుంది. దాన్ని బ్లేడుతో కోసి, జిగురుతో అతికించి, ఆరేదాకా సులోచన కుట్టుపెట్టెలోని గుండుసూదులు గుచ్చేవాడు. ఆ చెక్కపొట్టు సాంబార్లో కూడా తేలేది. రెక్కల పైన వేసే పల్చటి ఎర్ర ప్లాస్టిక్ కాగితాన్ని ఇస్త్రీపెట్టెతో అతికించాలి. ఇంట్లో ఇస్త్రీపెట్టె ఒక్కటే. ఆ ఎరుపు కరిగి సులోచన వెంకటగిరి చీరకి అంటుకున్న రోజున జరిగిన యుద్ధం గురించి పక్కింటి పంజాబీలు ఇప్పటికీ చెప్పుకుంటారు.

ప్రతి ఆదివారం ఆయన ఊరి బయట గుట్టకి బయల్దేరుతూ "నువ్వూ రారాదూ" అనేవాడు. ఆవిడ ప్రతి ఆదివారం "నాకు పనుంది" అనేది. ఏళ్ల తరబడి నడిచిన సంభాషణ ఇది. ఒక ఆదివారం మాత్రం ఎందుకో, ఎండ కాసిందనో, చీర సంగతి మర్చిపోయిందనో, పులిహోర కట్టుకుని వెళ్లింది. గుట్ట అంచున నిలబడి ఆయన గ్లైడర్ని విసిరాడు. ఇంజను లేదు, పెట్రోలు లేదు, వాలుకి తగిలి పైకి లేచే గాలి మీద అది తేలుకుంటూ పోయింది. సులోచనకి మొదటిసారి ముచ్చటేసింది. ఆ మాట చెబుదామనుకుంటుండగానే ఆయన రిమోట్ ఆవిడ చేతిలో పెట్టాడు.

"కొంచెం పట్టుకో సులోచనా. ఏమీ కదపకు" అని గడ్డి మీద పడుకున్నాడు. మళ్లీ లేవలేదు.

ఆవిడ ఏమీ కదపలేదు. ఆంబులెన్సులోనూ పట్టుకునే కూర్చుంది. కూతురు కిరణ్మయి అబర్డీన్ నుంచి వచ్చినప్పుడూ, మనిషిని దహనం చేసినప్పుడూ అది చేతిలోనే ఉంది, గ్లైడర్ పైనే ఉంది. పదకొండో రోజున, పన్నెండో రోజున చేయాల్సినవన్నీ చేశారు. సంవత్సరీకం పెట్టడానికి వచ్చిన శాస్త్రిగారు పెరట్లోకి వెళ్లి పైకి చూసి, తిరుగుతున్నవాడికి పిండం ఎలాగా అని కాసేపు తల గోక్కుని, మంత్రం ఎందుకైనా మంచిదని రెండుసార్లు చదివారు. అన్నీ జరిగాయి గానీ ఏడుపు మాత్రం జరగలేదు. పైన ఎగురుతున్న మనిషి కోసం ఎవరైనా ఏం ఏడుస్తారు? తల్లీ కూతురూ ఆకాశం వంక చూసుకుని, ఎవరి పనికి వాళ్లు పోయారు.

సులోచన దినచర్యకి ఇబ్బందేమీ లేదు. ఇబ్బందల్లా ఊరు దాటడంతోనే. రైల్లో పోదామంటే దారిలో సొరంగాలు. సొరంగంలో సిగ్నల్ అందదు, అందకపోతే గ్లైడర్ పడిపోతుంది. కారులో పోదామని ఒకసారి కిరణ్మయి తీసుకెళ్లింది. ఎం-వన్ హైవే మీద లారీల మధ్య కారు దూసుకుపోతుంటే గ్లైడర్ ఎక్కడో వెనక చుక్కంత అయిపోయింది. సులోచన "ఆపవే, ఆపవే" అని గోల పెట్టి వెనక్కి తిప్పించింది. పైగా వారానికోసారి గుట్టగాలి తగలకపోతే అది నీరసపడి ఇళ్ల కప్పుల మీదికి దిగుతుంది. అందుకని ఏ ఊరూ వద్దు, ఏ పెళ్లీ వద్దు అనేసింది. సాయంత్రాలు ఒక్కదానికీ గ్లాసుడు బియ్యం పెట్టుకుని, సగం మిగిల్చుకుని, పొద్దున దాన్నే తాలింపు వేసుకునేది.

ఇప్పుడు కిరణ్మయికి తొమ్మిదో నెల. తొలి కాన్పు. అల్లుడు శ్రీకర్ సముద్రం మధ్యలో నూనె తవ్వే రిగ్గు మీద ఇంజనీరు. పోయాడంటే వారాల తరబడి తిరిగి రాడు. తొలి పురుడు పుట్టింట్లో పోయడం మన పద్ధతి. కూతురు ఇంత దూరం రాలేనంటే తల్లే వెళ్లాలి. ఆ మాట ఫోన్‌లో ఇద్దరి మధ్యా చాలాసార్లు వచ్చి, అడ్డంగా కూర్చుంది.

"ఎవరుంటారే దగ్గర?"

"మిడ్‌వైఫ్ ఉంటుంది మమ్. అందరూ అలాగే కంటారు ఇక్కడ."

"భయంగా ఉందా?"

అవతల కిరణ్మయి కుర్చీ లాక్కుని కూర్చున్న చప్పుడు వినిపించింది. తర్వాత "నాన్న ఎలా ఉన్నారు?" అంది.

"పైనే ఉన్నారు" అంది సులోచన.

"సరేలే మమ్. నువ్వు నాన్నని చూసుకో" అని ఫోన్ పెట్టేసింది. అందులో నిష్ఠూరమేమీ లేదు. ఉన్నా బాగుండేది, ఎదురు ఏదో ఒకటి అనడానికి వీలుండేది. సులోచన ఆ రోజు అన్నం వండుకోలేదు.

ఆ ఆదివారం ఎప్పట్లాగే గుట్టకి వెళ్లింది. అక్కడ ఒక పద్ధతుంది. ఒకే నంబరున్న రిమోట్లు రెండు ఒకేసారి ఆన్ చేస్తే, పైనున్న విమానానికి ఎవరి మాట వినాలో తెలియక తల్లకిందులై నేలకొస్తుంది. అందుకని కంచె దగ్గర నంబర్లు రాసిన బోర్డు పెడతారు. ఎగరేసేవాడు తన పేరు రాసిన బట్టల క్లిప్పు తన నంబరు దగ్గర తగిలించాలి. క్లిప్పు కనపడితే ఇంకొకరు ఆ నంబరు ముట్టుకోకూడదు. ఈమధ్య ఆ గుట్ట మీది గ్లైడర్ల క్లబ్బులో అందరూ కొత్తరకం రిమోట్లకి మారిపోయారు, వాటికి ఈ క్లిప్పుల గొడవ లేదు. అయినా ట్రెవర్ అనే పెద్దాయన ప్రతివారం బోర్డు మోసుకొచ్చి కంచెకి తగిలిస్తాడు. దాని మీద ఉండేది ఒకే క్లిప్పు. 74 దగ్గర, బాపురావుది.

మధ్యాహ్నానికి మబ్బు పట్టింది. ట్రెవర్ బృందం పబ్బుకి పోయింది. సులోచన గడ్డి మీద కూర్చుని, రిమోట్ ఒళ్లో పెట్టుకుని, కూతురి గురించి ఆలోచిస్తోంది. అప్పుడే ఒక నడివయసు మనిషి ఆయాసపడుతూ పైకొచ్చాడు. చంకలో కొత్త గ్లైడర్, చేతిలో పాత రిమోట్. పేరు కిషన్‌రావు. జగిత్యాల నుంచి వచ్చి, హాస్పిటల్ కంప్యూటర్లు చూసే కాంట్రాక్టులో ఉన్నాడు. నలుగురు పంచుకునే ఇంట్లో ఒక గదిలో ఉంటూ, ఆదివారాలు గడవక, పాత సామాన్ల సంతలో ఆ రిమోట్ కొన్నాడు. ఆయన బోర్డు చూశాడు, క్లిప్పు చూశాడు, ఎవరో బట్టలారేసుకునే ఏర్పాటు అనుకుని ముందుకి వచ్చాడు. గ్లైడర్ని కింద పెట్టి రిమోట్ ఆన్ చేశాడు.

ఆయన కాళ్ల దగ్గర కొత్త గ్లైడర్ తోక తనంతట తానే టకటకా కొట్టుకుంది. "అరె, గిదేంది! దానంతటదే ఊగుతాంది!"

సులోచన తెలుగు వినపడి తిరిగి, వెంటనే పైకి చూసింది. రెండేళ్లుగా ఒకే తీరున తిరిగిన గ్లైడర్ వణికింది. ఒక రెక్క వాలింది. ముక్కు కిందికి వంచి జారిపోవడం మొదలుపెట్టింది.

"ఏవండీ! ఆపండి! ఏ నంబరు మీది?"

ఆయన తన రిబ్బను చూసుకున్నాడు, ఆవిడ రిబ్బను చూశాడు. "అయ్యో, తప్పైంది అక్కా. నంబర్ జూస్కోలే. ఇగో, బంజేస్తున్న. నాది బంజేస్తే మళ్ల సక్కగైతది." బొటనవేలు స్విచ్చు మీద పెట్టాడు.

అప్పటికి గ్లైడర్ బాగా కిందికొచ్చింది. రెండేళ్లలో సులోచన దాన్ని అంత దగ్గరగా చూడడం అదే మొదటిసారి. ఎర్రకాగితం వెలిసి గులాబీ రంగైంది. ఒక చోట చిరిగి లోపలి పుల్లలు కనపడుతున్నాయి. తోక మీద పిట్టల రెట్ట. చేతికందే ఎత్తులో గిరగిరా తిరుగుతూ, ఎటు పోవాలో తెలియక పైకి లేస్తూ, పడుతూ. పాపం, అలిసిపోయింది అనిపించింది ఆవిడకి. ఆ జాలి గ్లైడర్ మీదో, బాపురావు మీదో, తన మీదో ఆ నిమిషంలో తేల్చుకోలేకపోయింది.

"ఆపకండి" అంది. "మీరు దాన్ని దింపగలరా?"

"దింపుడు నాకింకా సరిగ రాదక్కా. నాయి రెండు ఇరిగినయ్ ఇప్పటికే."

"విరిగితే విరగనీ. దింపండి బాబూ."

"మరి మీది బంజెయ్యాలె. రెండుంటే అది ఎవ్వరి మాటినది."

స్విచ్చు రెండేళ్లుగా ఒకేవైపు ఉండి బిగిసిపోయింది. మొదట కదల్లేదు. సులోచన గోరు పెట్టి, పళ్లు బిగబట్టి నొక్కింది. గోరు విరిగింది, పచ్చలైటు ఆరిపోయింది. ఏమీ కదపకు అన్న మనిషి మాట తప్పినందుకు ఆవిడకి భయమేసింది, అంతలోనే ఒళ్లు తేలికపడినందుకు సిగ్గేసింది.

కిషన్‌రావు నాలిక బయటపెట్టుకుని, కళ్లు చిన్నవి చేసుకుని, గ్లైడర్ని గాలికి ఎదురు తిప్పాడు. అది మాట వింది. కొంచెం అటు, కొంచెం ఇటు. ఆయన ఏదో దేవుడికి మొక్కుకున్నాడు. గ్లైడర్ పొదలకి రాసుకుంటూ పోయి, ఒక రెక్క నేలకి తగిలి, బొంగరంలా తిరిగి ఆగింది.

సులోచన పరుగున వెళ్లింది. ఒళ్లోకి తీసుకుంటే మంచుగడ్డంత చల్లగా ఉంది, లోపలంతా మబ్బుతడి. విరిగిన రెక్కలోంచి ఒక గుండుసూది బయటికొచ్చింది. తన కుట్టుపెట్టెలోదే. ఆవిడ గడ్డి మీద కూలబడి, కొంగు నోట్లో కుక్కుకుని, గుట్టంతా వినపడేలా ఏడ్చింది.

కిషన్‌రావుకి ఏం చేయాలో తోచలేదు. దూరంగా నిలబడ్డాడు, దగ్గరికొచ్చాడు, ఫ్లాస్కులోంచి టీ పోసి ఆవిడ పక్కన పెట్టాడు. "రెక్కనే కదక్కా. నేను అతికిస్త. మీ సార్ ఏమన్న అంటరా?"

"ఆయన చనిపోయారు" అంది సులోచన. ఆ మాట ఆవిడ నోట రావడం అదే మొదలు. అని, తనే విని, టీ తాగింది.

ఆయన బస్సు దాకా తోడొచ్చాడు. గ్లైడర్ ఆవిడ తనే మోసింది. హర్షద్‌భాయ్ బండి ఆపి, అలవాటుగా పైకి చూసి, తర్వాత ఆవిడ చేతుల్లోకి చూసి, టోపీ తీశాడు. బస్సులో ఒక పెద్దావిడ లేచి, గ్లైడర్ రెక్కకి కూడా చోటుండేలా రెండు సీట్లు ఖాళీ చేసింది.

మర్నాడు సర్జరీకి సెలవు చెప్పి సులోచన రైలెక్కింది. కిరణ్మయికి ముందుగా చెప్పలేదు. ఫోన్‌లో చెప్పే మాటలా అనిపించలేదు. అబర్డీన్‌లో దిగేసరికి సముద్రపు చలి, ఇళ్ల కప్పుల నిండా అరుస్తున్న పెద్ద తెల్లపక్షులు. తలుపు కొట్టి, ఊరగాయ సీసా ఉన్న సంచీ కింద పెట్టి నిలబడింది.

కిరణ్మయి నిండు కడుపుతో, గోడ పట్టుకుని వచ్చి తలుపు తీసింది. తల్లిని చూసింది. చూసిన మరుక్షణం తల్లి తల మీదుగా ఆకాశంలోకి చూసింది. అటు చూసింది, ఇటు చూసింది. గుమ్మం దాటి వీధిలోకొచ్చి, నడుం మీద చేయి వేసుకుని, మెడ వెనక్కి వంచి చాలాసేపు వెతికింది. పక్షులే ఉన్నాయి.

"ఎక్కడ?" అంది.

సులోచన తల అడ్డంగా ఊపింది.

కిరణ్మయి ముఖం చిన్నపిల్ల ముఖంలా ముడుచుకుపోయింది. తల్లి మెడ చుట్టూ చేతులు వేసింది. రెండేళ్ల తర్వాత, ఆయనెవరో ఎవరికీ తెలియని ఊళ్లో, తలుపు బార్లా తెరిచిపెట్టుకుని తల్లీ కూతురూ బాపురావు కోసం ఏడ్చారు. దారినపోయే పోస్టుమ్యాన్ ఉత్తరాలు చేతిలో పట్టుకుని, వాళ్లు ఏడవడం అయ్యేదాకా గేటు బయటే నిలబడ్డాడు.

కాసేపటికి సులోచన ముక్కు తుడుచుకుని, కూతురి చెంపలు తుడిచి, సంచీ చేతికి తీసుకుంది.

"పొద్దున్నుంచి ఏం తిన్నావే?" అని అడుగుతూ లోపలికి నడిచింది.