మూలల్లో పదును

కళ్ళజోళ్ళాయనకు రోజంతా ఒకటే ప్రశ్న. వచ్చిన మనిషిని చీకటి గదిలో కూర్చోబెట్టి, ముక్కు మీద ఇనప చట్రం ఎక్కించి, అందులో ఒక అద్దం వేస్తాడు. "ఇది బాగుందా?" అంటాడు. అది తీసి ఇంకొకటి వేస్తాడు. "ఇదా?" అంటాడు. అవతలి మనిషి "రెండూ ఒకలాగే ఉన్నాయండీ" అని నసిగాడో, అయిపోయాడన్నమాటే. "రెండింట్లో ఒకటి చెప్పలేరా? ఇదేమైనా పెళ్ళి సంబంధమా, ఇంత ఆలోచించడానికి?" అని కసురుకుంటాడు. పాపం వాళ్ళు బెదిరిపోయి, "రెండోదేనండీ, రెండోదే బాగుంది" అనేసి బయటపడదామని చూస్తారు. అలా తప్పించుకోవడానికి అన్న "బాగుంది"కీ, నిజంగా కనపడి అన్న "బాగుంది"కీ తేడా ఆయన ఇట్టే పట్టేస్తాడు. ఆ విద్యలో తనంతటివాడు లేడని ఊరంతా అనుకుంటుందో లేదో కానీ, ఆయన మాత్రం అనుకుంటాడు.

అంతటి మహానుభావుడు ఒక కెమెరా కొనడానికి పూనుకున్నాడు.

సరదాకి కాదు లెండి. వాళ్ళ అత్తగారి కోసం. ఆవిడ కూతురి దగ్గరే ఉంటుంది, వెనక గదిలో, తన కుట్టుమిషనుతో సహా. ఒకరోజు సూదిలో దారం ఎక్కించబోతే సూది బెజ్జం ఉన్నచోట మసక మచ్చ కనపడిందట. అల్లుడు పరీక్ష చేసి, నోరు మూసుకుని, కంటి డాక్టరు దగ్గరికి తీసుకెళ్ళాడు. డాక్టరు చెప్పింది ఇంతే. రెండు కళ్ళలోనూ నడుమ చూపు పోతుంది, అంచుల చూపు మిగులుతుంది. గోడలకు గుద్దుకోకుండా నడవగలదు కానీ, ఎదురుగా ఉన్న మనిషి మొహం చూడలేదు. మందులతో కొంత ఆపొచ్చు, మొత్తానికి ఆపలేం. ఏడాది తిరిగేలోపే కావచ్చు.

అత్తగారు అంతా విని, ఇంటికొచ్చాక అల్లుణ్ణి పిలిచింది.

"అల్లుడుగారూ, నేను బతుకంతా మిషను మీద తల వంచుకునే ఉన్నాను. పిల్ల పక్కనే ఆడుకునేది. 'అమ్మా, చూడు' అంటే 'ఆఁ, చూస్తున్నానే' అనేదాన్ని, తల ఎత్తకుండా. అలా చూడకుండానే పెంచేశాను. ఇప్పుడు చూసుకుందామంటే అది ఒక్కచోట నిలవదు. కాసేపు తేరిపార చూస్తే 'ఏంటమ్మా ఆ చూపు' అని విసుక్కుంటుంది. దాని మొహం ఇంత పెద్దగా ఫోటో తీసి నా మంచం ఎదురుగా పెట్టండి. చూపు ఉండగానే కడుపునిండా చూసుకుంటాను."

"అంతేనా అత్తయ్యా! తలుపంత ఫోటో పెడతాను చూడండి" అన్నాడు కళ్ళజోళ్ళాయన. మనసులో మాటే అన్నాడు. ఆవిడంటే ఆయనకు ప్రాణం. పెళ్ళయిన కొత్తలో షాపు నడవక దిగాలుగా కూర్చుంటే, వీధి వీధంతటికీ చూపు తగ్గిందని చెప్పి జనాన్ని తోలుకొచ్చిన మనిషి ఆవిడ.

"దానికేముంది, ఇప్పుడే నా ఫోన్లో తీసెయ్యండి. సందు చివర ఫోటోల షాపువాడు పెద్దది చేసిస్తాడు" అంది భార్య.

ఆమె అన్నదాంట్లో తప్పేమీ లేదు. అయినా ఆయన ఆమెను జాలిగా చూశాడు. "ఫోనా! తలుపంత చేస్తే ముక్కూ మూతీ కలిసిపోయి ముద్దవుతాయి. అద్దాల మనిషిని, నా ఇంట్లో గోడ మీద ఫోన్ ఫోటోనా? నలుగురూ నవ్విపోరూ? డీఎస్ఎల్ఆర్ కెమెరా కొంటాను. పెద్దదేం వద్దు, మొదటిసారి కొనేవాళ్ళకోసం చేసినవి ఉంటాయి, వాటిలో మంచిది చూసి పట్టుకొస్తాను. వారం రోజుల పని" అన్నాడు.

వారం! ఆ మాట అన్నప్పుడు ఆయన మొహం చూస్తే మీరూ నమ్మేవారు.

మొదలంటూ పెట్టాక రెండు కెమెరాలు ఆయన మనసులో తిష్ఠ వేశాయి. ఒకదాని పిడి లావుగా ఉంటుంది, చేతికి నిండుగా అందుతుంది. రెండోది తేలిక, పిడి సన్నం. కొత్తగా నేర్చుకునేవాళ్ళకి రెండూ చాలు, రెండూ కావలసినదానికన్నా ఎక్కువే చేస్తాయని కెమెరా షాపతను మొదటి రోజే చెప్పాడు. చెప్పి, తన గొయ్యి తనే తవ్వుకున్నాడు. "రెండూ ఒకటే అంటే ఎలాగండీ? ఏదో ఒకటి బాగుండాలి కదా!" అని కళ్ళజోళ్ళాయన అప్పట్నుంచి ప్రతి ఆదివారం ఆ షాపులో ప్రత్యక్షం. లావు పిడిది పట్టుకుంటాడు, కన్ను పెట్టి చూస్తాడు, దించుతాడు. సన్న పిడిది పట్టుకుంటాడు. మళ్ళీ లావుది. షాపతను మొదట్లో టీ తెప్పించేవాడు. తరవాత మంచినీళ్ళు ఇచ్చేవాడు. ఆ తరవాత ఈయన వస్తున్నాడని దూరంనుంచి చూసి లోపలికెళ్ళి అట్టపెట్టెలు సర్దుకునేవాడు.

ఇంట్లో చూస్తే వీడియోలు. ఆ వీడియోల్లో పెద్దమనుషులు కొత్త కెమెరా పుచ్చుకుని ఏం ఫోటో తీస్తారనుకున్నారు? ఇటుక గోడ! ఒకే గోడని దీంతో ఒకసారి, దాంతో ఒకసారి తీసి, ఆ ఫోటో మూలలు పెద్దవి చేసి, "చూశారా, ఎడమ పైమూలలో ఇటుక అంచు కాస్త మెత్తబడింది" అని బాధపడతారు. కళ్ళజోళ్ళాయన కూడా వాళ్ళతోపాటు బాధపడేవాడు. అన్నం కలుపుతూ బాధపడేవాడు.

"మూలలతో మనకేం పనండీ? నా మొహం నడుమేగా ఉండేది" అంది భార్య ఒకసారి, ఉండబట్టలేక.

"నీకు తెలీదు. నడుమ ఏ అద్దమైనా బాగానే చూపిస్తుంది. అద్దం అసలు రంగు బయటపడేది మూలల్లోనే" అన్నాడు. ఆ మాట నిజమే. నిజమే కాబట్టి దాన్ని పట్టుకుని నెలలు గడిపేశాడు.

భార్య ఆ రెండు కెమెరాలకూ పేర్లు పెట్టేసింది, పెద్దావిడ, చిన్నావిడ అని. "ఇవాళ రాత్రి వీడియో ఎవరిది, పెద్దావిడదా, చిన్నావిడదా? ఇద్దరు సవతులు వచ్చిపడ్డారు నాకు, ఒకతీ గడప దాటి లోపలికి రాదు" అనేది. అత్తగారు లోపలి గదిలోంచి అందుకునేది. "ఎందుకే ఆయన్ని తొందర పెడతావు? అల్లుడుగారు నిన్ను చూసుకోవడానికి వచ్చినప్పుడు ఒక్క పూటలో ఒప్పుకున్నారు. ఆ తొందరపాటుకి ఇప్పుడు జాగ్రత్త పడుతున్నారు." ఇద్దరూ పకపకా నవ్వేవాళ్ళు. ఆయన కూడా నవ్వేవాడు, వీడియో ఆపకుండా.

ఆ నవ్వులు తగ్గడం ఆయన గమనించలేదు. అత్తగారు చొక్కాకు గుండీలు కుట్టి ఇస్తే ఒక గుండీ రంగు తేడాగా ఉంది. కొత్త ఫ్యాషనేమో అనుకుని అలాగే వేసుకెళ్ళాడు. మిషను కొన్నాళ్ళు ఆగి ఆగి తిరిగింది, తరవాత తిరగడం మానేసింది. ఇల్లు ప్రశాంతంగా ఉంది, వీడియో బాగా వినపడుతోంది అనుకున్నాడు. ఆవిడ ఎవరితో మాట్లాడినా మొహం పక్కకు తిప్పి, అలిగినట్టు మాట్లాడేది. అలా తల తిప్పి చూసేవాళ్ళు షాపుకొస్తే గుమ్మంలోనే పోల్చుకునే మనిషి, సొంత ఇంట్లో మాత్రం "అత్తయ్యకు నా మీద కోపం వచ్చినట్టుంది, కెమెరా ఆలస్యమైందని" అనుకుని, ఇంకా మంచిది తేవాలని మరో నాలుగు వీడియోలు చూశాడు.

పరీక్ష చేయలేదా అంటే, చేశాడు. డాక్టరు గళ్ళ కాగితం ఒకటి ఇచ్చాడు. నడుమ చుక్క, చుట్టూ గళ్ళు. ఒక కన్ను మూసుకుని చుక్క వైపు చూస్తే గీతలు వంకర పోతున్నాయో, చెరిగిపోతున్నాయో తెలుస్తుంది. నెలకోసారి ఆయనే పట్టుకుని చూపించేవాడు.

"ఎలా ఉంది అత్తయ్యా?"

"బాగుంది అల్లుడుగారూ, గళ్ళన్నీ బాగున్నాయి. మీరు మీ పని చూసుకోండి."

ఏ "బాగుంది" ఏ రకమో ఇట్టే పట్టేసే మనిషి కదా. ఆయన ఒక చేత్తో గళ్ళ కాగితం పట్టుకుని, రెండో చేతిలో ఫోన్ చూస్తున్నాడు. ఇటుక గోడ వస్తోంది.

ఆఖరికి కథ షాపతనే తేల్చాడు. ఒక ఆదివారం ఈయన లోపలికి అడుగు పెట్టగానే, "సార్, ఆ రెండు మోడళ్ళూ కంపెనీ ఆపేసింది. సన్న పిడిది నిన్ననే అమ్ముడైపోయింది. లావు పిడిది ఒక్కటే మిగిలింది, ఇదిగో" అని బల్ల మీద పెట్టాడు. కళ్ళజోళ్ళాయన దాన్ని అటూ ఇటూ తిప్పి, పెద్దగా నిట్టూర్చి, "నేనూ అదే అనుకున్నాను. దీనికే మూలలు పదును" అన్నాడు. అలా, అంత పరిశోధన చేసి, మిగిలినదాన్ని ఎంచుకున్నాడు.

మర్నాడు పొద్దున్నే అత్తగారి గదిలో ఫోటో. వెలుతురు బాగుంటుందని కిటికీ పక్కన భార్యను కుర్చీలో కూర్చోబెట్టాడు. ఒక పక్క కర్టెన్, ఒక పక్క మిషను. అత్తగారు మంచం మీద కూర్చుని చప్పుడు వింటోంది. ఆయన ఒక ఫోటో తీస్తాడు, వెనక చిన్న తెరలో మూలలు పెద్దవి చేసి చూస్తాడు, తల అడ్డంగా ఊపుతాడు, మళ్ళీ తీస్తాడు.

"ఏమండీ, ఒక్కసారి బయటికి రండి. అమ్మ సంగతి మీతో మాట్లాడాలి" అంది భార్య మెల్లగా.

"కదలకు!"

"నిన్న నేను గుమ్మంలో నిలబడితే..."

"అబ్బా, మాట్లాడితే మొహం కదిలిపోతుంది. కాసేపు నోరు మూసుకుంటే నీ సొమ్మేం పోయింది? కుడి కిందమూల ఒక్కటే సరిగ్గా రావాలి."

ఆమె నోరు మూసుకుంది. ఆయన తీశాడు, మూలలు చూశాడు. నాలుగూ సూదిమొనల్లా వచ్చాయి. "అద్భుతం!" అని అరిచి, ఆ పళంగా ఫోటోల షాపుకి పరుగెత్తాడు. భార్య ఇంకా కుర్చీలోనే ఉంది.

వారం తిరక్కుండా తలుపంత ఫోటో చట్రంతో సహా వచ్చింది. ఆయనే మేకులు కొట్టి, మంచం ఎదురుగా గోడకు తగిలించి, వంకర సరిచేసి, అత్తగారి పక్కన నిలబడ్డాడు. భార్య గుమ్మంలో నిలబడింది. లోపలికి రాలేదు.

"చూడండి అత్తయ్యా. ఎలా ఉంది?"

"బాగుంది అల్లుడుగారూ."

ఈసారి ఆయన చేతిలో ఫోన్ లేదు. ఆ మాట చెవిన పడగానే ఆయన పట్టేశాడు. షాపులో రోజూ వినే మాటే. చూడకముందే వచ్చేసిన మాట.

"అత్తయ్యా" అన్నాడు, షాపులో ఎవరితోనూ మాట్లాడనంత మెల్లగా, "ఏం కనపడుతోందో చెప్పండి."

ఆవిడ తల కాస్త ఇటు తిప్పింది, కాస్త అటు తిప్పింది.

"కర్టెన్ అంచు కనపడుతోంది. ఆ కుట్టు నేను వేసిందే, అక్కడ దారం తెగితే మళ్ళీ కలిపాను, అది కూడా తెలుస్తోంది. ఇటు మిషను చక్రం. కింద కుర్చీ కాలు. మూలలు బ్రహ్మాండంగా వచ్చాయి, పడ్డ కష్టం ఎక్కడికి పోతుంది!"

"మధ్యలో?"

"మధ్యలో మసగ్గా ఉంది. ఏదో మంచిదే పెట్టుంటారు."

షాపులో అయితే ఈ అద్దం తీసి ఇంకోటి వేసి "ఇప్పుడో?" అంటాడు. ఇక్కడ మార్చడానికి అద్దం లేదు. మొదటి రోజే, భార్య చేతిలో ఫోన్ ఉన్న ఆ రోజే నొక్కేసి ఉంటే, ముక్కూ మూతీ ముద్దయినా సరే, ఈ మనిషి నెలల తరబడి కూతుర్ని చూసుకుని ఉండేది. ఆ సంగతి ఇప్పుడు తెలిసొచ్చి ఏడుపు ముంచుకొచ్చింది. పెద్దవాడు, షాపు యజమాని, దిట్ట. మిషను పక్కన నిలబడి ముక్కు ఎగబీల్చుకున్నాడు.

"ఎన్నాళ్ళయింది అత్తయ్యా? నాకెందుకు చెప్పలేదు?"

"చెబితే మీరు కంగారుపడి ఏదో ఒక కెమెరా కొనేస్తారని" అంది అత్తగారు. తరవాత గొంతు తగ్గించి, "ఇప్పుడు ఏడవకండి. దానికి తెలిస్తే అదీ మొదలుపెడుతుంది. ఒక్కటి చెప్పండి చాలు. అమ్మాయి నవ్వుతోందా అందులో?" అని అడిగింది.

నవ్వుతోందండీ అనబోయి ఆగిపోయాడు. ఆయనకు తెలీదు. తీసినప్పుడు మూలలు చూశాడు. పెద్దది చేయించినప్పుడు మూలలు చూశాడు. గోడకు తగిలించినప్పుడు వంకర చూశాడు. తలుపంత ఫోటో నడుమ ఉన్న మొహం, తన భార్య మొహం, ఇప్పటిదాకా ఒక్కసారీ చూడలేదు.

వెనక్కి తిరిగి ఫోటో వైపు చూశాడు.

ఫోటోలో ఆమె నవ్వడం లేదు. పెదవులు బిగించుకుని, కళ్ళలో నీళ్ళు కిందికి జారకుండా ఆపుకుంటోంది. చూపు కెమెరా వైపు లేదు. కెమెరా పక్కగా, మంచం వైపు ఉంది.

"లేదండీ, నవ్వట్లేదు" అన్నాడు. "మీ వైపు చూస్తోంది."

"నా వైపా?"

"మీ వైపే."

అత్తగారు కాళ్ళు మంచం మీదికి లాక్కుని, పక్కన చోటు చేసి, దుప్పటి సర్దింది.

"అయితే ఇలా కూర్చుని చెప్పండి, నుదుటి దగ్గర్నుంచి. ఏదీ వదలకుండా, నిదానంగా చెప్పండి. మీకు తొందర ఎప్పుడూ ఉండదు కదా."

కళ్ళజోళ్ళాయన కూర్చున్నాడు. కళ్ళజోడు తీసి తుడుచుకుని, మళ్ళీ పెట్టుకుని, గుమ్మంలో ఉన్న భార్యను ఒకసారి, గోడ మీద ఉన్న భార్యను ఒకసారి చూసి, నుదుటి దగ్గర్నుంచి చెప్పడం మొదలుపెట్టాడు.