మావయ్య ముట్టుకోని స్టార్టర్

స్విచ్చు కనబడితే చెయ్యి పెట్టకుండా ఉండలేని మనిషి ఈ లోకంలో ఎవరైనా ఉన్నారంటే అది తన మేనమామ జనార్దనరావేనని హారికకు ఒళ్లు మంట. ముదినేపల్లి దగ్గర ఆయన చేపల చెరువు మీదే ఆమె పీహెచ్‌డీ ఆధారపడి ఉంది మరి! నీళ్లలో ఆక్సిజన్ ఎటు ఎంత పాకుతుందో పాక్షిక అవకలన సమీకరణాలతో లెక్కగట్టి, తక్కువ కరెంటుతో చేపలు బతికేలా, నీళ్లను చిలికి గాలి కలిపే ఏరేటర్లను ఎప్పుడు తిప్పాలో ఎప్పుడు ఆపాలో ఆమె ప్రోగ్రామే తేల్చాలి. ఏరేటర్ని సగం తిరగమంటే తిరగదు. ఉంటే ఆన్, లేదంటే ఆఫ్. చిక్కంతా అక్కడే.

మొదట్లో ఆ ప్రోగ్రాం ఊపిరి సలపకుండా ఆన్, ఆఫ్ అంటూ స్టార్టర్లను టకటకలాడించింది. "స్టార్టరు కాలిపోద్దమ్మాయ్!" అని మావయ్య గోలగోల చేసి ఆపేశాడు. ఆ పోరు పడలేక, స్విచ్చు మారిన ప్రతిసారీ ప్రోగ్రాం లెక్కలో జరిమానా పడేలా మార్చింది హారిక. అయినా మబ్బు కనిపిస్తే చాలు, నీళ్లలో ఆక్సిజన్ పడిపోతుందని ఆయన పరుగెత్తి అన్నీ వేసేసేవాడు. నిన్న ఆమెకు ఓపిక చచ్చిపోయింది.

"రేపు మా గైడ్‌గారు వస్తున్నారు. రీడింగులు పాడైతే నా ఏడాది పోయినట్టే. నీకు దణ్ణం పెడతాను, ఏం జరిగినా ముట్టుకోకు మావయ్యా!"

ఆయన తలూపాడు.

తెల్లారేసరికి ముసురు పట్టింది. గుడివాడ నుంచి మొదటి బస్సులో వచ్చిన హారిక గట్టెక్కి చెరువులోకి చూసింది. శీలావతి చేపలు ఊపిరాడక పైకొచ్చి నోళ్లు తెరుచుకుని గుటకలు వేస్తున్నాయి. ఏరేటర్ ఒక్కటీ తిరగడం లేదు. ఆమె పెట్టిన జరిమానా మరీ ఎక్కువై, ఆ పిసినారి ప్రోగ్రాం స్విచ్చు వేయడమే మానేసింది.

షెడ్డు ముందు మావయ్య రెండు చేతులూ చంకల్లో బిగించుకుని నిలబడి ఉన్నాడు.

"ఎప్పట్నుంచి ఇలా ఉన్నాయి?"

"చీకటుండగానే మొదలైంది. ఫోన్ చేస్తే ఎత్తలేదు నువ్వు."

"మరి వేయొచ్చుగా! రోజూ వేసే మనిషివి!"

"ముట్టుకోవద్దని దణ్ణం పెట్టావు కదమ్మా," అన్నాడాయన.

హారికకు ఎవరి మీద కోపం తెచ్చుకోవాలో తెలియలేదు. బ్యాగులో ఫోన్ మోగుతోంది, గైడ్‌గారే. ఎత్తలేదు. స్టార్టర్ పెట్టె మూత లాగి, తన చేత్తోనే వరసగా నొక్కేసింది. చెరువులో నీళ్లు ఎగసిపడ్డాయి.

"అయ్యో, నీ రీడింగులు!"

"నా మొహం రీడింగులు! ఈ చివరిది బిగుసుకుపోయింది. ఇలా వచ్చి నొక్కు మావయ్యా!"

ఆయన చంకల్లోంచి చేతులు తీసి పరుగెత్తుకొచ్చాడు.