రెండు జంతువుల పూస

తూదా వెన్నుపూసను రెండు చేతులా ఎత్తి అంచుకు నాలుక తాకించింది. నిజమైన ఎముకైతే నాలుకను పట్టుకుంటుంది. జిగురూ ఇసుకా కలిపి మెత్తిన ముద్దయితే జారిపోతుంది. ఇది పట్టుకుంది. మొసలిది, తోక మొదట్లోది. దాన్ని గంపలో పెట్టి, పక్కకు తిరిగి ఉమ్మేసి, ఇంకోటి అందుకుంది.

ఎర్ఫూద్ ఊరి చివర, హాజీ లర్బీ శిలాజాల దుకాణం వెనకనున్న రేకుల షెడ్డులో ఆమె పని అదే. ఎడారి గుట్టల్లో సొరంగాలు తవ్వేవాళ్ళు డైనోసార్ ఎముకలు బస్తాల్లో తెస్తారు. ఏది మెడది, ఏది నడుముది, ఏది అతికించింది అన్నది తూదా చెప్పాలి. వయసులో ఉన్నప్పుడు ఆమే అతికించేది. మొగుడు పోయాక హాజీ తండ్రి పనిలో పెట్టుకుని నేర్పిన విద్య అది. విరిగిన పూసకు మరో జంతువు పక్కటెముక తెచ్చి నిలబెట్టడం, సందులో ఎర్ర ఇసుక మెత్తడం. ఆ జిగురుకు వేళ్ళ చివర్లు గట్టిపడి గీతలు చెరిగిపోయాయి. ఇప్పుడు కొనేవాళ్ళు దీపాలు వేసి మరీ చూస్తున్నారు. సరుకు తిరిగొస్తోంది. అందుకని అతికించిన చేతులకే అతుకులు పట్టే పని పడింది.

ఎండ ముదిరాక జైద్ వచ్చాడు. ఆమె తమ్ముడు. తల్లి పోయేనాటికి పాలు మరవనివాడు, తూదా చంకలోనే పెరిగాడు. కనుబొమల మీద, చెవుల మడతల్లో సొరంగం ఎర్రమట్టి. భుజాన బస్తా.

"ఏంటక్కా, పొద్దుటినుంచీ ఎముకలు నాకుతున్నావ్? ఇంట్లో రొట్టె లేదా?"

"ఉంది. నీ పెళ్ళాం చేసిన రొట్టెకంటే ఇవే మెత్తగా ఉన్నాయిరా."

జైద్ పగలబడి నవ్వి, దగ్గి, బస్తా విప్పాడు. నడుము పూస. గుమ్మడికాయంత దిమ్మె, దాని మీద చేతి పొడవున నిలువు ముల్లు. అలికిడికి హాజీ ముందు గదిలోంచి వచ్చి చేతులు కట్టుకుని నిలబడ్డాడు.

"ఏం తూదా? ఒకే జంతువుదేనా?"

తూదా పూసను తిప్పి చూసింది. దిమ్మె నిజమైనదే. ముల్లు మాత్రం మొదట వెడల్పుగా ఉండి పైకి పోయేకొద్దీ పలచబడాలి, ఇది కిందనుంచి పైదాకా ఒకే మందం. వెన్నులో నరం పోయే రంధ్రం నున్నగా ఉండాలి, ఇందులో డ్రిల్లు తిరిగిన గీతలున్నాయి.

జైద్ కళ్ళు ఆమె మీదే ఉన్నాయి. తమ్ముడు తెచ్చిన ఇలాంటివి ఎన్నో చూసీ చూడనట్టు వదిలేసింది. ఈసారీ తల ఊపితే సరిపోయేది.

కానీ హాజీ ఎదురుగా నిలబడి అడిగాడు. తూదాను ఇంకెవరూ ఏదీ అడిగింది లేదు. ఎవణ్ణి చేసుకుంటావని అడగలేదు. మొగుడు పోయాక ఎవరింట ఉంటావని అడగలేదు. నిలబడమన్నచోట నిలబడింది, కూర్చోమన్నచోట కూర్చుంది. ఎముకల దగ్గర మాత్రం అంత పెద్దమనిషీ ఆమె నోటివంక చూస్తాడు.

"కాదు, రెండు జంతువులు" అంది.

"అయితే నాకొద్దు" అని హాజీ ముందు గదిలోకి వెళ్ళిపోయాడు.

"ఏం పోయేదక్కా నీకు?" జైద్ బస్తా దులిపాడు. "లాగుతుంటే విరిగింది. అసలు ముక్క సొరంగం గోడలోనే ఉండిపోయింది. దేవుడి మీద ఒట్టు."

"అతికించినవాళ్ళందరూ చెప్పేదదే."

"నేనూ అందరిలో ఒకణ్ణా?"

తూదా తల ఎత్తలేదు. "గోడలో ఉంటే తీసుకురా. చూస్తాను."

"తెస్తా. అప్పుడు దాన్నీ నాకుదువుగాని."

ఖాళీ బస్తా భుజాన వేసుకుని వెళ్ళిపోయాడు.

మధ్యాహ్నం రొట్టెను ఆలివ్ నూనెలో ముంచి తిని, టీ తాగి, ఆ పూసనే ముందేసుకుంది. అతుకు మీద జిగురు కరిగించే ద్రవం చుక్కలు చుక్కలుగా వేసింది. ఇసుక మెత్తబడి, పక్కటెముక ఊడి ఒళ్ళో పడింది. కింద విరిగినచోటు బయటపడింది. ఎప్పుడో విరిగిందైతే అంచులు అరిగి, సందుల్లోకి మట్టి దిగి ఉంటుంది. ఇది పచ్చిగా, పదునుగా ఉంది. వేలికి గుచ్చుకుంది.

వాడు చెప్పింది నిజమే.

మొన్న కురిసిన వాన అప్పుడు గుర్తొచ్చింది. తడిసిన గుట్ట ఆరేటప్పుడే కూలుతుందని అందరికీ తెలుసు. తూదా లేచి ముందు గదిలోకి నడిచింది. పిలవకుండా ఆమె అక్కడికి వెళ్ళడం అదే మొదలు.

"హాజీగారూ, మావాడికి ఒకసారి ఫోను చెయ్యండి. దిగొద్దని చెప్పండి."

హాజీ చేశాడు. చెవి దగ్గర చాలాసేపు పెట్టుకుని, "గుట్ట దగ్గర సిగ్నలెక్కడ ఏడ్చింది? వచ్చేస్తాడ్లే" అన్నాడు.

తిరిగొచ్చి గంప ముందు కూర్చుంది. ఇంకో ఎముక తీసుకుంది. నాలుక ఎండిపోయి ఉంది. ఏది పట్టుకుంటోందో ఏది జారుతోందో తెలియలేదు.

నీడలు సాగాక జైద్‌తో కలిసి తవ్వే మోహా వచ్చి గుమ్మంలో నిలబడ్డాడు. అతని గోళ్ళు చిట్లి నెత్తురు గడ్డకట్టి ఉంది.

"తూదక్కా, సొరంగం కప్పు దిగింది."

"బయటికి తీశారా?"

"తీశాం."

"ఏమన్నా మాట్లాడాడా?"

మోహా తల అడ్డంగా ఊపాడు.

"చేతిలో ఏమన్నా ఉందా?"

అదేం ప్రశ్నో అతనికి అర్థం కాలేదు. "మట్టి" అన్నాడు.

మర్నాడు పొద్దున్నే మగవాళ్ళు జైద్‌ను శ్మశానానికి మోసుకెళ్ళారు. ఆడవాళ్ళు ఇంట్లో ఉండిపోయారు. జైద్ పెళ్ళాం, ఇత్తో, తూదా మెడ చుట్టూ చేతులు వేసి ఏడ్చింది. "వాన పడ్డాక వారందాకా దిగనన్నాడు వదినా. ఎందుకు దిగాడు? నీకేమైనా చెప్పాడా?" అని అడిగింది.

తూదా ఆమె వీపు నిమురుతూ ఉండిపోయింది.

ఖననం ముగించి వచ్చిన మోహా, సొరంగం నోటి దగ్గర నీడలో మిగిలిపోయిన జైద్ నీళ్ళ డబ్బాను తెచ్చి గడప పక్కన పెట్టాడు. దాని చుట్టూ కుట్టిన గోనెపట్టా ఎండిపోయింది, లోపల మాత్రం ఒక్క గుక్క కూడా తగ్గని నీళ్ళు చల్లగానే ఉన్నాయి.