ఈదమ్మ పెట్టని వాత

"పాపను ఇంటికి తీసుకెళ్లండి" అని డాక్టరమ్మ అనగానే నవనీత కుర్చీలోంచి లేచింది. అచ్చంపేట దిక్కు పల్లెల్లో దవాఖానవాళ్లు ఆ మాటన్నారంటే ఇక ఆశ లేదనే లెక్క. నాలుగు నెలల పాపను రొమ్ముకు అదుముకుని ఏడుస్తూ వరండాలోకి పోయింది. ఆమె అత్త ఈదమ్మ మాత్రం కదల్లేదు. గొర్రెల మంద వెంట యాభై ఏళ్లు తిరిగిన మనిషి, అడగాల్సింది అడక్కుండా లేచే రకం కాదు.

"సచ్చేదాక ఇంట్ల పెట్టుకొమ్మంటున్నవా, డాక్టరమ్మా?"

"అయ్యో, కాదవ్వా! కూర్చో."

డాక్టరమ్మ కాగితం మీద బొమ్మ గీసి చూపించింది. పాప కిడ్నీ పైన రేగుపండంత గడ్డ ఉంది. నరాల కణాల్లోంచి పుట్టే క్యాన్సర్. పెద్ద పిల్లలకైతే కోసి తీస్తారు, మందులెక్కిస్తారు, రేడియేషన్ కరెంటు పెడతారు.

"ఇంత పసిపిల్లల్లో ఇంత చిన్న గడ్డ చాలాసార్లు దానంతటదే కరిగిపోతుంది. కోస్తే ఆ ప్రాణానికి లేనిపోని కష్టం. ఆరు వారాలకోసారి స్కానింగ్, మూత్రం పరీక్ష చేద్దాం. పెరిగితే అప్పుడు ఆపరేషన్. ఇది వదిలెయ్యడం కాదవ్వా, కాపలా కాయడం. పొట్ట నొక్కొద్దు. పసర్లు, వాతలు అస్సలొద్దు."

వాతల మాటకు ఈదమ్మ తల వంచుకుంది. చుట్టూ పది ఊళ్లకు వాత పెట్టే చెయ్యి ఆమెదే మరి. గొర్రెకు కడుపుబ్బినా, పసిబిడ్డ పొట్టలో గడ్డ తగిలినా, చువ్వ కాల్చి పెట్టమని ఆమె దగ్గరికే వచ్చేవారు.

ఇంటికొచ్చి ఈ సంగతి చెబితే ఎవరు నమ్ముతారు? మందతో హుజూర్‌నగర్ దిక్కు పోయిన కొడుకు ఎల్లస్వామి ఫోన్లో బోరుమన్నాడు. పక్కింటి రామమ్మ వాకిట్లో కూర్చుని మూతి తిప్పింది.

"క్యాన్సర్‌కు మందు లేకుంట ఇంట్ల పెట్టుకుంటరా ఎవరన్న? ఊరందరి పిల్లలకు పెట్టిన చెయ్యి, సొంత మనుమరాలికి పెట్టనీకి నొస్తాందా, వదినె?"

"నొస్తాందే. ఇగ పో, నీ బర్రె అరుస్తాంది."

రామమ్మ పోయింది, మళ్లీ రాలేదు. ఆమెను చూసి మిగతావాళ్లూ మానేశారు. నవనీత వేళకు అన్నం పెట్టేది గానీ అత్తను పలకరించేది కాదు. ఇక ఈదమ్మ పాపను ఒళ్లో వేసుకుని పాపతోనే మాట్లాడేది. ఏ కరువులో మంద ఎటు పోయిందో, ఏ వాగు దాటేటప్పుడు ఎన్ని గొర్రెపిల్లలు కొట్టుకుపోయాయో, అన్నీ చెప్పేది. నాలుగు నెలల పిల్ల ఊ కొడుతుందా? అయినా చెప్పేది.

మూడో వారం ఒక పొద్దున నవనీత పొయ్యిలో చువ్వ ఎర్రగా కాల్చి పట్టుకొచ్చింది.

"ఒక్కటి పెట్టు అత్తా, నీ కాల్మొక్త. నువ్వు పెట్టకపోతే నేనే పెడ్త."

ఈదమ్మ పాపను కొంగులో చుట్టి గోడకు ఆనుకుంది.

"మన ఊరి భీమయ్యకు గిరి అని ఒక కొడుకుండె. నీకెర్కలేదు. గిట్లనే పొట్టల గడ్డ. మూడు వాతలు పెట్టిన. మూడు దినాలు ఏడ్చిండు, నాలుగో దినం ఏడుపు బందువెట్టిండు. దేవుడు తీస్కపోయిండన్నరు అందరు. నేను సుత గట్లనే అన్న. తగ్గినోళ్లు నా పేరు చెప్పుకున్నరు బిడ్డా, పోయినోళ్లు ఏం చెప్తరు? ముప్పై ఏండ్లాయె. గీ మాట ఎవ్వలతోని అనలే."

నవనీత చువ్వను నీళ్ల బకెట్లో పడేసింది. సుర్రుమన్న చప్పుడుకు పాప ఉలిక్కిపడి ఏడ్చింది.

ఆరో వారం స్కానింగ్‌లో గడ్డ పెరగలేదు, తగ్గనూ లేదు. మళ్లీ ఆరు వారాలకు రమ్మన్నారు. ఈసారి నవనీతే అన్నీ అడిగి తెలుసుకుంది.

తిరిగొచ్చేసరికి వాకిట్లో దూరపు ఊరి ఆడమనిషి, చంకలో పిల్లతో కూర్చుని ఉంది. పిల్లకు కడుపుబ్బిందట.

"నేనింక పెట్టనమ్మా. దవాఖానకు పోదాం నడువు, నేనొస్త నీ ఎంబడి."

"దూరంకెల్లి వస్తే గిదా నువ్వు చెప్పేది? ముసల్దానికి టెక్కు ఎక్కువైంది" అంటూ ఆమె పిల్లను భుజాన వేసుకుని విసవిసా నడిచింది. ఈదమ్మ ఆమె వెంట పదడుగులు వేసింది. ఆమె ఆగలేదు. దవాఖాన దారికి కాకుండా, ఇంకో వాత పెట్టే మనిషి ఉన్న ఊరి దారికి తిరిగింది. మనసు మారి వెనక్కి వస్తుందేమోనని ఈదమ్మ ఎండలో, దారి మధ్యలో, అలాగే నిలబడింది.