నూనె దారి మూత

నేను ఒక ఇత్తడి మూతను. బొటనవేలంత ఉంటాను, ఒంటినిండా మరలే. కారు ఇంజన్‌లో నూనె పారే దారి చివర నన్ను బిగిస్తారు. లేత్ మీద పుట్టి అరవై ఏళ్లు దాటింది, నలుగురు యజమానులను చూశాను. హారన్‌ను మెచ్చుకున్నారు, సీట్లను మెచ్చుకున్నారు, నా ఊసెత్తినవాడు లేడు. కారితే మాత్రం అందరికీ గుర్తొస్తాను.

బెజవాడ ఆటోనగర్‌లో నాగుల్ మీరా, యేసోబు కలిసి ఒక షెడ్డు నడుపుతారు. యేసోబు ముందు నీళ్ల పైపుల పని చేసేవాడు. ఆ అలవాటు కొద్దీ, పోయినసారి ఇంజన్ కట్టినప్పుడు నాకు తెల్ల టేపు కొసదాకా చుట్టి బిగించాడు. "ఒక్క చుక్క కారితే నా పేరు మార్చుకుంటా" అన్నాడు. నిజమే, కారలేదు. కానీ లోపలికి తిరుగుతుంటే టేపు తెగి, పోగులు నూనె దారిలో పడ్డాయి. నాకు తెలుసు. ఏం లాభం, ఇత్తడికి నోరిచ్చిందెవరు? రెండు వారాలకే సన్నటి కన్నంలో పోగు అడ్డుపడింది. నూనె అందక బేరింగులు మాడిపోయాయి.

కారు యజమాని గురునాథం అయ్యప్ప మాలలో ఉన్నాడు. ఈ బండిలోనే శబరిమల వస్తానని మొక్కుకున్నాడు. మాలలో ఉండి కూడా మీరాను నానా మాటలూ అన్నాడు. మీరా తల వంచుకుని పడ్డాడు. బేరింగుల్లో తిరిగే క్రాంకు ఇరుసును ఇప్పటికే అరగదీసి నున్నగా చేశారు, ఇక అరగదీసే వీల్లేదు. ఇంకోసారి మాడితే బండి తుక్కుకే.

మళ్లీ ఇంజన్ కడుతున్నారు. ప్రయాణం ఐదు రోజుల్లో. యేసోబు నన్ను తీసుకుని మళ్లీ ఆ టేపే చుట్టాడు, ఈసారి ఇంకో చుట్టు ఎక్కువ. నా ప్రాణం విలవిల్లాడింది.

నూనె దారిని కిరసనాయిలుతో కడిగి, దాన్ని గుడ్డలో వడపోసి మురికి చూడటం వీళ్ల పద్ధతి. గుడ్డ ఎప్పుడూ తెల్ల పంచె ముక్కే. నల్ల మురికి కనిపిస్తుంది గానీ తెల్ల టేపు ఎలా కనిపిస్తుంది? ఇంత చిన్న సంగతి ఇద్దరు ఉద్దండులకు తట్టలేదు.

ఆ రోజు పంచె ముక్కలు అయిపోయాయి. గురునాథం తన నల్ల తువ్వాలు ఇచ్చాడు.

"పాతదేలే, వాడండి."

యేసోబు వడపోశాడు. నల్ల గుడ్డ మీద నాలుగు తెల్ల పోగులు తేలాయి. అతని చెయ్యి ఆగిపోయింది. నా ఒంటి మీది టేపు చూశాడు, పోగులు చూశాడు. మీరా అటు తిరిగి పానాలు వెతుకుతున్నాడు. యేసోబు తువ్వాలును గబుక్కున పిడికిట్లో ముడిచేశాడు.

చెప్పరా నాయనా, చెప్పు! నేను లోలోపల అరిచాను.

"మురికేమన్నా వచ్చిందా?" అన్నాడు గురునాథం.

యేసోబు మీరా వైపు చూశాడు. తర్వాత పిడికిలి విప్పాడు.

"స్వామీ, అన్నను తిట్టారు గదా. ఇంజన్ని చంపింది అన్న కాదు, నేను. నా టేపు."

గురునాథం ముఖం ఎర్రబడింది. నోరు తెరిచి, మెడలో మాలను పట్టుకుని మూసుకున్నాడు. మీరా వచ్చి పోగులను వేలితో తడిమాడు. టేపంతా ఒలిచి, నన్ను బ్రష్షుతో రుద్ది, మరలకు పూసే పేస్టు గొట్టంతో పాటు యేసోబు చేతిలోనే పెట్టాడు.

"లోపలికి పడకుండా కొసన రెండు మరలు వదిలెయ్. మిగతాదానికి పల్చగా రాయి. నువ్వే బిగించు."

"నేనా అన్నా?"

"తప్పు తెలిసినోడి చెయ్యే జాగర్తగా ఉంటది."

ఆ చెయ్యే రెండు మరలు లెక్కపెట్టి వదిలి, పేస్టు రాసి నన్ను బిగించింది. పేస్టు ఆరనిచ్చి మర్నాడు ఇంజన్ తిప్పారు. నూనె ఒత్తిడి చూపే ముల్లు సున్నా మీదే ఉంది. ఒకటి, రెండు, మూడు క్షణాలు. ముగ్గురూ ముల్లు మీదికి వంగారు. అప్పుడు నా వీపుకు చల్లగా నూనె తగిలింది, ముల్లు లేచింది.

కారు శబరిమల వెళ్లొచ్చింది. నేనిప్పుడు నిశ్చింతగా ఉన్నాను. బండి ఎప్పుడు షెడ్డుకొచ్చినా యేసోబు దాని కిందికి దూరి, టార్చి వేసి నన్నే చూస్తాడు. పొడిగా ఉన్నానని తెలిసినా వేలితో ఒకసారి తడుముతాడు. మీరా ఆ సంగతి ఏనాడో మరిచిపోయాడు. యేసోబే ఇంకా మరవలేదు.